మాజీ సైనికుడైన భర్త పెన్షన్ నుంచి భరణం నేరుగా ఇప్పించుకోవడం ఎలా?

మాది ప్రకాశం జిల్లా. మా వారు 2021లో హవల్దారుగా రిటైరయ్యారు. ఆ తర్వాత రాత్రి రెండింటికి లేచి తలుపుల గడియలు ఒక్కొక్కటే లాగి చూడటం మొదలైంది. తాగిన రోజు చెయ్యి చేసుకోవడమూ మామూలైంది. గత నవంబరులో బెల్టు బకిల్ తగిలి నా కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. సరిహద్దులో చూసినవే కారణమని అత్తగారు అంటారు. కావచ్చు. కానీ బ్యాంకులో, బంధువుల దగ్గర ఆ కోపం ఎప్పుడూ రాదు.

పెద్దమనుషుల్లో రెండుసార్లు పెట్టాం. ఆయన పాత యూనిట్‌కు రాస్తే, సర్వీసులో ఉంటే జీతంలో కోత పెట్టేవాళ్లం, ఇప్పుడు మా చేతిలో లేదన్నారు. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేశాక, గృహహింస కేసులు చూసే రక్షణాధికారి నివేదిక రాశారు. పిల్లలతో పుట్టింటికి వచ్చి, 2005 గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద కేసు వేశాను. నెలకు రూ.8,000 మధ్యంతర భరణం ఇవ్వమని కోర్టు చెప్పి ఐదు నెలలైంది. ఒక్క రూపాయి రాలేదు. పెన్షన్ మాత్రం స్పర్శ్ (రక్షణ శాఖ పెన్షన్లు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ) ద్వారా ప్రతి నెలా ఆయన ఖాతాలో పడుతోంది.

అదే గృహహింస చట్టం 20(6) సెక్షన్ కింద నేరుగా నాకే చెల్లించేలా ఉత్తర్వు అడగవచ్చని మా వకీలు అంటున్నారు. పెన్షన్‌ను జప్తు చేయకూడదనే 1871 పెన్షన్ల చట్టం అడ్డొస్తుందని ఇంకొకరు.

సైనిక పెన్షన్ నుంచి భార్య ఖాతాకు నేరుగా భరణం జమయ్యేలా కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఏ సెక్షన్ కింద అడిగారు?