హార్మోన్ లేనప్పుడు థైరాయిడ్ రిసెప్టర్ ఏమి చేస్తుంది?

కాకుటూరు విద్యార్థిని: హార్మోన్ వచ్చి రిసెప్టర్‌కు (హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌కు) అతుక్కుంటే జన్యువు పని మొదలుపెడుతుందని డిగ్రీలో చదువుకున్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. పుస్తకంలో థైరాయిడ్ రిసెప్టర్ హార్మోన్ లేకపోయినా డీఎన్‌ఏ మీదే ఉండి జన్యువును అణచిపెడుతుందని ఉంది. హార్మోన్ లేకపోతే ఊరికే ఉండాలి కదా? ఎవరైనా వివరించండి.

ఒంగోలు లెక్చరర్: ఊరికే ఉండదమ్మా, అసలు విషయం అక్కడే ఉంది. ఆర్ఎక్స్ఆర్ అనే మరో రిసెప్టర్‌తో జతకట్టి డీఎన్‌ఏను పట్టుకుని, ఎన్‌కోర్ లేదా స్మర్ట్ అనే కోరిప్రెసర్‌ను (జన్యువును అణచడానికి తోడ్పడే ప్రోటీన్‌ను) పిలుచుకుంటుంది. ఈ రెండూ 1995లో వెలుగులోకి వచ్చాయి. వాటి వెంట వచ్చే హెచ్‌డీఏసీ3 ఎంజైమ్, డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ సమూహాలను తీసేస్తుంది. డీఎన్‌ఏ హిస్టోన్లకు బిగుసుకుపోయి ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారీ) ఆగిపోతుంది. థైరాయిడ్ హార్మోన్ టీ3 చేరగానే రిసెప్టర్ చివరనున్న 12వ హెలిక్స్ (మెలి తిరిగిన భాగం) స్థానం మారుతుంది. కోరిప్రెసర్ ఊడిపోతుంది, జన్యువును పనిచేయించే కోయాక్టివేటర్‌కు చోటు ఏర్పడుతుంది. పరీక్షలో ఈ హెలిక్స్ బొమ్మ తప్పకుండా వేయి. డిగ్రీలో చదివినదీ నిజమే. ఉదాహరణకు, అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్‌కు చెందిన రిసెప్టర్ హార్మోన్ వచ్చేదాకా ఎక్కువగా సైటోప్లాజంలోనే ఉంటుంది.

కావలి పిల్లల డాక్టర్: లెక్చరర్ గారు చెప్పినదానికి ఎలుకల్లో గట్టి సాక్ష్యం ఉంది. పాక్స్8 జన్యువు లేని ఎలుకపిల్లలకు థైరాయిడ్ హార్మోన్ తయారు కాదు, పాలు మానే వయసులోనే చనిపోతాయి. వాటిలో థైరాయిడ్ రిసెప్టర్ ఆల్ఫా రకం జన్యువును కూడా తీసేస్తే బతికాయని 2002లో తేలింది. అంటే హార్మోన్ లేని రిసెప్టర్ చేసే అణచివేత, రిసెప్టర్ అసలే లేకపోవడం కన్నా ప్రమాదం. పుట్టిన బిడ్డకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) పరీక్ష చేయించండని ప్రతి తల్లికీ చెబుతాను. లోపం ఉంటే మొదటి రెండు వారాల్లోపే మందు మొదలుపెట్టాలి, మెదడు ఎదుగుదల ఆగి ఎదురుచూడదు.

కందుకూరు నుంచి ఒక కూతురు: మా అమ్మకు మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఒకాయన చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. ఒక్కసారిగా మానేస్తే కళ్లు తిరిగి పడిపోయింది. అడ్రినల్ గ్రంథి పని మానేసిందన్నారు. ఇదీ ఆ అణచివేతేనా డాక్టర్ గారూ?

కావలి పిల్లల డాక్టర్: అణచివేతే అమ్మా, కానీ ఇక్కడ దారి వేరు. స్టెరాయిడ్ మందు అతుక్కున్న కార్టిసాల్ రిసెప్టరే అణచివేస్తుంది. వాపు జన్యువులను నడిపే ఎన్ఎఫ్-కప్పాబీ, ఏపీ-1 ప్రోటీన్లను పట్టుకుని వాటి పని ఆపుతుంది. నొప్పి తగ్గేది అందువల్లే. అదే రిసెప్టర్ మెదడులో సీఆర్‌హెచ్ (ఏసీటీహెచ్‌ను విడుదల చేయించే హార్మోన్) జన్యువును, పిట్యూటరీలో ఏసీటీహెచ్‌కు (అడ్రినల్‌ను పనిచేయించే హార్మోన్‌కు) మూలమైన పీఓఎంసీ జన్యువును కూడా తగ్గిస్తుంది. ఏసీటీహెచ్ అందక అడ్రినల్ చిక్కిపోతుంది, తేరుకోవడానికి నెలలు పట్టవచ్చు. మోతాదు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఈలోపు జ్వరం, వాంతులు వచ్చినా, ఆపరేషన్ అవసరమైనా స్టెరాయిడ్ వాడినట్టు ముందే చెప్పండి.

కాకుటూరు విద్యార్థిని: ధన్యవాదాలు సార్. మరి టీఎస్‌హెచ్ జన్యువును టీ3 తగ్గిస్తుంది కదా, అక్కడ కోరిప్రెసర్ ఎలా పనిచేస్తుంది?

ఒంగోలు లెక్చరర్: మంచి ప్రశ్న. అక్కడ వరుస తలకిందులు, టీ3 చేరిన రిసెప్టరే ఆ జన్యువును తగ్గిస్తుంది. ఎలా అన్నదానికి ఒకే సమాధానం మీద ఏకాభిప్రాయం లేదు కాబట్టి పై బొమ్మను దానికి అతికించి రాయవద్దు. అణచివేతకు ఉదాహరణ కావాలంటే ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్ గురించి రాయి. అందులో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టిన పీఎంఎల్-రారా ప్రోటీన్‌లో రెటినోయిక్ ఆమ్లపు రిసెప్టర్ ముక్క ఉంటుంది, అది కోరిప్రెసర్‌ను వదలదు. విటమిన్ ఏ నుంచి వచ్చి ఒంట్లో మామూలుగా ఉండే రెటినోయిక్ ఆమ్లం దాన్ని ఊడదీయడానికి చాలదు. మందుగా ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడే కోరిప్రెసర్ ఊడి, కణాలు మళ్లీ పరిపక్వం చెందుతాయి.