షేకర్ల ఊళ్లకు బయటిజనం ఎప్పట్నుంచి వెళ్తున్నారు?

మల్లెపందిరి:
పోయిన శనివారం అమ్మానాన్నల్ని మసాచుసెట్స్‌లోని హాంకాక్ షేకర్ గ్రామానికి తీసుకెళ్లాను. షేకర్లంటే అమెరికాలో తమ ఊళ్లలో అందరూ కలిసి బతికిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు. 1826లో కట్టిన గుండ్రటి రాతి గొడ్లసావిడి దగ్గర్నుంచి నాన్న ఒక పట్టాన కదల్లేదు. మేతంతా నడిమధ్య వేసి, ఆవుల్ని తలలు అటే ఉండేలా చుట్టూ కట్టేవాళ్లట. బయటికొచ్చాక అమ్మ అడిగింది, "పెళ్లిళ్లు కూడా మానుకుని లోకానికి దూరంగా బతికారు కదా, మనలాంటివాళ్లని రానిచ్చేవాళ్లా?" అని. నేను చెప్పలేకపోయాను. ఈ చూడ్డాలన్నీ మ్యూజియం అయ్యాక వచ్చినవేనా?

ఆల్బనీవాసి:
కాదండీ. హాంకాక్ మ్యూజియం అయింది 1960లో. జనం రాకపోకలు అంతకు నూరేళ్లకు పైగా ముందునుంచే ఉన్నాయి. కొండకు ఇటువైపు, న్యూయార్క్ రాష్ట్రంలో మౌంట్ లెబనాన్ అనే ఇంకో షేకర్ ఊరు ఉంది. అక్కడ 1824లో ప్రార్థనామందిరం కట్టినప్పుడే బయటివాళ్లకని బల్లలు వేయించారు. పక్కన లెబనాన్ స్ప్రింగ్స్ ఊటనీళ్ల కోసం వచ్చి దిగినవాళ్లు ఆదివారం గుర్రబ్బళ్లలో ఇటొచ్చేవాళ్లు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు వరుసలు కట్టి పాటకు అడుగులేస్తూ చేసే ఆరాధన అది. కొందరు చూసి నవ్వేవాళ్లు. భజనలో ఒళ్లు మరిచినవాళ్ల ఎదురుగా కూర్చుని నవ్వడమే కదా అది! తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. 1842లో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ వచ్చేసరికి బయటివాళ్లకు తలుపులు మూసి ఉన్నాయి. ఆరాధన చూడకుండానే వెళ్లిపోయాడు. తర్వాత మళ్లీ తెరిచారు.

చెక్కపని:
అమ్మకాల సంగతి కూడా చెప్పుకోవాలి. మగవాళ్లు తగ్గిపోయాక చాలా ఊళ్లను నెట్టుకొచ్చింది సోదరీమణులే, అంటే షేకర్ ఆడవాళ్లే. సూదులు గుచ్చుకునే మెత్తలు, పాప్లార్ చెక్కను సన్నగా చీల్చి నేసిన పెట్టెలు, భుజాల మీంచి కప్పుకునే ఉన్ని క్లోకులు వచ్చినవాళ్లకు అమ్మేవాళ్లు. మేన్ రాష్ట్రంలో సబ్బత్‌డే లేక్ వాళ్లయితే పోలండ్ స్ప్రింగ్ హోటల్‌కి పట్టుకెళ్లి అమ్మేవాళ్లు. వాళ్ల కోలపెట్టెలు చూసే నేను ఈ పని నేర్చుకున్నాను. మేపుల్ చెక్క రేకును వేడినీళ్లలో నానబెట్టి వంచి, రాగి మేకులు కొట్టాలి. అతుకు దగ్గర వేళ్లలా చీల్చి మధ్య సందు వదులుతారు. చెమ్మకి చెక్క ఉబ్బినా పెట్టె వంకరపోదు. ఎంత ఆలోచించి చేశారో చూడండి!

మల్లెపందిరి:
ఇద్దరికీ ధన్యవాదాలు. షేకర్లు ఇప్పుడెవరైనా ఉన్నారా?

చెక్కపని:
ఉన్నారండీ, సబ్బత్‌డే లేక్‌లో. వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆదివారం ఆరాధనకి బయటివాళ్లు వెళ్లి కూర్చోవచ్చు. అమ్మగారికి చెప్పండి, ఇప్పటికీ రానిస్తున్నారని. బయల్దేరేముందు వేళలు ఒకసారి కనుక్కోండి.

మల్లెపందిరి:
వచ్చే నెల 20న వాళ్ల తిరుగు ప్రయాణం. అంతలో ఒక ఆదివారం చూసుకుని తీసుకెళ్తాను.