అమ్మాయి డబ్ల్యూ15 టెన్నిస్ టోర్నీలు ఆడుతోంది, అమెరికా కాలేజీకి పంపాలా?

నమస్కారమండీ. మాది హైదరాబాద్. మా పెద్దమ్మాయికి 18 ఏళ్లు. ఏడాదిగా ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) మహిళల టోర్నీల్లో అన్నిటికన్నా కింది మెట్టయిన డబ్ల్యూ15లు ఆడుతోంది. చాలాసార్లు క్వాలిఫయింగ్‌లోనే, అంటే అసలు టోర్నీకి ముందు జరిగే అర్హత మ్యాచుల్లోనే ఆగిపోయింది. ఈమధ్యే మెయిన్ డ్రాలో (అసలు టోర్నీలో) ఒక రౌండ్ గెలిచి మొదటి డబ్ల్యూటీఏ పాయింటు, అంటే మహిళల ప్రపంచ ర్యాంకింగ్ పాయింటు తెచ్చుకుంది. ఒక్క పాయింటే, కానీ ఆ రాత్రి ఫోన్‌లో ఇద్దరం ఏడ్చేశాం.

ప్రైజ్ మనీ 15,000 డాలర్లనగానే చుట్టాలు అదంతా మా అమ్మాయికే వస్తుందనుకుంటారు. అది సింగిల్స్, డబుల్స్ వాళ్లందరికీ కలిపి పంచేది. టైటిల్ గెలిచినా 15 పాయింట్లే. రైలు, హోటల్, తిండి, రాకెట్ గట్టింగ్ (తీగలు బిగించడం) ఖర్చులన్నీ మావే. గట్టింగ్ డబ్బు మిగలాలని తీగ తెగేదాకా దాంతోనే ఆడుతుంది, అరిగిపోయిన గ్రిప్‌ను టేపుతో చుట్టుకుంటుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మన టెన్నిస్ క్రీడాకారిణి సహజ యమలపల్లి అమెరికాలో టెక్సాస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడాక ప్రొఫెషనల్‌గా ఎదిగి, 2025లో మెక్సికోలోని గ్వాదలహారలో యూఎస్ ఓపెన్ మాజీ ఛాంపియన్ స్లోన్ స్టీఫెన్స్‌ను ఓడించింది. అప్పటినుంచి మావారు స్కాలర్‌షిప్ మీద కాలేజీకి పంపుదామంటున్నారు. అమ్మాయేమో ఇంకో ఏడాది ఇక్కడే ఆడతానంటోంది.

మీ పిల్లలెవరైనా ఈ దారిలో వెళ్లారా? కాలేజీకి ఆడుతూనే సెలవుల్లో ఐటీఎఫ్‌లు ఆడటానికి ఒళ్లు సహకరిస్తుందా? ఒక ఏడాది ఆగితే కాలేజీ కోచ్‌లు తీసుకుంటారా, వయసు అడ్డమొస్తుందా? ఇప్పుడు ఒంటరిగానే ఊళ్లు తిరుగుతోంది, నాకు అదో టెన్షన్. వేరే అమ్మాయిలతో కలిసి గది, కోచ్ ఖర్చు పంచుకున్నవాళ్లుంటే ఎలా కుదుర్చుకున్నారో దయచేసి చెప్పండి.