జెయింట్ క్లామ్‌లది సొంత కుటుంబమా, ఉపకుటుంబమా?

హనుమకొండ బీఎస్సీ:
మా కాలేజీ ల్యాబు అల్మరాలో జెయింట్ క్లామ్ అనే భారీ సముద్రపు ఆల్చిప్ప జీవిది, అరచేతిలో ఇమడనంత పెద్ద చిప్ప ఒకటి ఉంది. దాని మీద అతికించిన పాత చీటీలో సిరాతో “ట్రైడాక్నా మాక్సిమా, కుటుంబం ట్రైడాక్నిడే” అని రాశారు. సముద్ర జీవుల అంతర్జాతీయ పట్టికలో చూస్తే ఇదే జీవి కార్డియిడే కుటుంబంలో, ట్రైడాక్నినే అనే ఉపకుటుంబం కింద ఉంది. కార్డియిడే అంటే కాకిల్స్ అనే చిన్న ఆల్చిప్పలు కదా? రికార్డులో ఏది రాయాలి?

కాజీపేట లెక్చరర్:
చీటీలో ఉన్నదే రాయి బాబూ. 1819లో లామార్క్ వీటిని ప్రత్యేక కుటుంబంగా పెట్టింది ఊరికే కాదు. చెరువులో నీరు తగ్గినప్పుడు గట్టున దొరికే లామెల్లిడెన్స్ అనే మంచినీటి ఆల్చిప్పను తీసుకుని, లోపలి వైపు వెలుతురుకు పట్టి చూడు. చిప్పలు మూసే కండరాల ముద్రలు ముందొకటి, వెనకొకటి నున్నగా కనిపిస్తాయి. కాకిల్స్‌కూ అంతే. ఇప్పుడు మీ అల్మరాలోని చిప్పను తిప్పి చూడు. ముందు కండరం జాడే లేదు, ఒక్కటే మిగిలింది.
పైగా ఈ జీవి కూర్చునే తీరే వేరు. కాకిల్ ఇసుకలో కూరుకుని, కాలితో గెంతుతుంది. ఇది చిన్నప్పుడు బిస్సస్ అనే తన శరీరపు దారాలతో రాయిని పట్టుకుని, చిప్పల కీలు కిందికి, ప్రావారం (చిప్ప లోపలి మెత్తని కండ పొర) పైకి పెట్టి, అందులో శైవలాలను సాకుతూ ఎండ కాస్తుంది. ట్రైడాక్నా గైగాస్ 200 కిలోలు దాటుతుంది. దాన్ని తీసుకెళ్లి గుప్పెట్లో పట్టే కాకిల్స్‌లో కలపడం ఏం న్యాయం?

మంచిర్యాల పరిశోధకురాలు:
సార్, మీరు చెప్పిన తేడాలన్నీ నిజమే. కానీ వాటితో కుటుంబం వేరని తేలదు. అవన్నీ ఎండ కోసం పైకి తిరిగిన బతుకుతెరువు తెచ్చిన మార్పులే. ఆ ముందు కండరం కూడా పసి దశలో ఉంటుంది, ఎదిగేకొద్దీ పోతుంది.
1998లో ష్నైడర్ అనే శాస్త్రవేత్త చిప్పల, శరీర లక్షణాలను పోల్చి వంశవృక్షం గీస్తే జెయింట్ క్లామ్‌లు కాకిల్స్ పక్కన కాదు, కాకిల్స్ మధ్యలోనే వచ్చాయి. తర్వాత డీఎన్‌ఏ పరిశీలనలూ వాటిని అక్కడే చూపించాయి. వీటిని బయటికి తీస్తే మిగిలిన కార్డియిడే ఒకే మూలం నుంచి వచ్చిన పూర్తి సంతానం కాకుండా పోతుంది. కొడుకు వేరు కాపురం పెట్టినంత మాత్రాన ఇంటిపేరు మారుతుందా? పేర్లలోనూ కార్డియిడేదే పెద్దరికం, అది 1809 నాటిది.
ఇక శైవలాలంటారా, కార్కులం అనే గుండె ఆకారపు కాకిల్ కూడా వాటిని సాకుతుంది. అది చిప్ప తెరవకపోయినా వెలుతురు లోపలికి చేరేలా చిప్పలోనే సన్నని కిటికీలున్నాయి. అవి ఆప్టికల్ ఫైబర్ కట్టల్లా పనిచేస్తాయని 2024లో ఒక పరిశోధన చూపించింది. నన్నడిగితే జెయింట్ క్లామ్ కంటే అదే వింత జీవి!

జగిత్యాల గ్రూప్స్ అభ్యర్థి:
సముద్రం మొహం చూడని జిల్లాల్లో ఇంత పట్టుదలా! పరీక్ష ఆన్సర్ కీలో ఏది ఉంటే అదే సరైన జవాబు.

కాజీపేట లెక్చరర్:
అమ్మా, ఆ లెక్కన పక్షులు డైనోసార్ల వంశమే, మొసళ్లకు దాయాదులే. మరి మన పాఠాల్లో ఏవ్స్ అనే పక్షుల తరగతిని సరీసృపాల తరగతి రెప్టీలియాలో కలిపేశామా? వంశం ప్రకృతిది, హోదా మనం ఇచ్చుకున్నది. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో వీటిని ట్రైడాక్నిడే అనే చేర్చారు. రేవులో చిప్పల మూట పట్టుకున్న కస్టమ్స్ ఉద్యోగికి ఆ ఒక్క మాట చాలు. దాని బదులు కార్డియిడే అని రాస్తే జనం తినే కాకిల్స్‌ను కూడా ఆపాలి.

మంచిర్యాల పరిశోధకురాలు:
ఉపకుటుంబం పేరు రాసినా ఆ ఉద్యోగి పని ఆగదు సార్. మన 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు జాబితా అసలు కుటుంబం జోలికే పోకుండా ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా, హిప్పోపస్ హిప్పోపస్ అని జాతుల పేర్లే పెట్టింది.
హోదా మనం ఇచ్చేదేనని ఒప్పుకుంటాను. అందుకే ఇచ్చేటప్పుడు కొలత ఒకటే ఉండాలంటున్నాను. కాస్పియన్ సముద్రం కాకిల్స్‌నూ ఒకప్పుడు లిమ్నోకార్డియిడే అని వేరు చేసినవాళ్లున్నారు. ఇప్పుడవీ కార్డియిడేలోనే ఉన్నాయి. అవి చిన్న ప్రాణులు, వాటి తరఫున వాదించేవారు లేరు. 200 కిలోల జీవి అనేసరికి అందరికీ ప్రత్యేక హోదా గుర్తొస్తోంది! పక్షుల సంగతికొస్తే, ఏవ్స్‌ను వేరుగా చెప్పుకోవడం మన అలవాటు. దాన్ని ఆధారంగా చూపిస్తే ఎలా?

హనుమకొండ బీఎస్సీ:
అయితే కార్డియిడే, ఉపకుటుంబం ట్రైడాక్నినే అని రాసి, పాత పేరు పక్కన పెట్టనా?

మంచిర్యాల పరిశోధకురాలు:
అలాగే రాయి తమ్ముడూ. చీటీ మాత్రం చింపకు, దాని కిందే కొత్తది అతికించు.

కాజీపేట లెక్చరర్:
ప్రాక్టికల్స్‌కు నేను ఎక్స్‌టర్నల్‌గా వస్తే ఆ చిప్పే చేతిలో పెట్టి, కండరం ముద్ర ఎక్కడుందో చూపించమంటాను. కుటుంబం పేరు ఏది రాసినా దానికి అర మార్కే.