సీట్‌బెల్ట్ బజర్ ఆగట్లేదు: స్విచ్చా, వైరా?

కొత్తబండి: డ్రైవర్ బెల్ట్ పెట్టుకున్నా బజర్ మోగుతూనే ఉంది, మీటర్‌లో ఎర్ర లైటూ వెలుగుతోంది. మా తమ్ముడు బండి తీసుకెళ్లి సీటు వెనక్కి జరిపిన దగ్గర్నుంచీ ఇదే గోల. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్క్రూడ్రైవర్: బకిల్ (బెల్ట్ గుచ్చే లాక్) లోపలి స్విచ్ పోయింది. సీటు కింద కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ బీప్‌లో (కరెంటు దారి కలిసుంటే మోగే సెట్టింగ్) పెట్టండి. బెల్ట్ పెట్టినా తీసినా బీప్ మారకపోతే బకిల్ మార్చేయడమే.

ఓమ్‌సూత్రం: బీప్ అన్ని బండ్లకీ పనికిరాదండీ. కొన్ని బకిల్స్‌లో మామూలు స్విచ్, కొన్నింట్లో రెసిస్టర్లు, కొన్నింట్లో హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది). రెసిస్టర్ ఉంటే బీప్ రాకపోవచ్చు, మంచి బకిల్‌ని పారేస్తారు. రెసిస్టెన్స్ ఎన్ని ఓమ్‌లో చూడాలి. హాల్ సెన్సర్‌కి అదీ చాలదు, బెల్ట్ పెట్టి తీస్తూ స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) రీడింగ్ మారుతోందా అని చూడాలి. బజర్ మాత్రం బాగానే ఉంది, దానికి వెళ్లే కబురే తప్పు.

స్క్రూడ్రైవర్: మూడు బండ్లు బీప్‌తోనే పట్టుకున్నా.

వెనకసీటు: పక్క సీట్లో బ్యాగేమైనా పెట్టారా? ఆ బరువుకి మనిషి కూర్చున్నాడనుకుని మోగుతుంది. నాకదే అయింది.

కొత్తబండి: లేదండీ, ఖాళీ.

ఓమ్‌సూత్రం: ఆ మూడూ ఒకే మోడల్ అయ్యుంటాయి. ఇంకోటి, బ్యాటరీ నెగటివ్ తీయమని చెప్పకుండా సీటు కింద చెయ్యి పెట్టించకండి. ఆ పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, బెల్ట్ ప్రిటెన్షనర్‌వి (గుద్దుకున్నప్పుడు బెల్ట్‌ని బిగించేది). వాటికి మల్టీమీటర్ పెడితే ఆ కాస్త కరెంటుకే పేలే ప్రమాదం ఉంది. తెలియకపోతే సర్వీస్‌కి ఇవ్వడం మేలు.

స్క్రూడ్రైవర్: సర్వీసా! నా బండికి ఇదే కంప్లైంట్ వస్తే డ్యాష్‌బోర్డ్ మీటర్ మొత్తం మార్చారు. బిల్లు కట్టి గేటు దాటానో లేదో మళ్లీ కుయ్ కుయ్. చివరికి తేలింది బకిల్ అని. మీరు మళ్లీ వాళ్ల దగ్గరికే తోలుతున్నారు.

ఓమ్‌సూత్రం: అంటే మీ గొడవ బీప్ గురించి కాదన్నమాట. వాళ్లు సరిగా కొలవకుండా మీటర్ మార్చారు, మీరు సరిగా కొలవకుండా బకిల్ మార్చమంటున్నారు. తేడా ఏముంది?

స్క్రూడ్రైవర్: నా తప్పుకి నేను బిల్లు వేసుకోను. అదీ తేడా.

కొత్తబండి: సీటు ముందుకి జరిపితే ఆగుతోంది, వెనక్కి జరిపితే మొదలు. సీటు సంగతి మొదటి పోస్టులోనే రాశాను.

వెనకసీటు: నేనైతే చదవలేదు 😅

ఓమ్‌సూత్రం: అయితే వైరు సీటు పట్టాలో నలిగుంటుంది. బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, టార్చ్ వేసి చూడండి. పసుపువి ముట్టుకోవద్దు.

స్క్రూడ్రైవర్: వైరు తెగిందో లేదో చూడ్డానికి బీపే కదా కావాలి?