కందగడ్డ తీగకి కొస ఆకులు పాలిపోతున్నాయి, యూరియా వేసినా మారలేదు

అల్వాల్ మిద్దెతోట:
శివరాత్రికి తెచ్చిన కందగడ్డల్లో నాలుగు బుట్టలోనే ఉండిపోయి మొలకెత్తాయి. ఇసుక తొట్టిలో పెడితే తీగలొచ్చాయి. జూన్‌లో జానెడు ముక్కలు కోసి ఆరు గ్రోబ్యాగుల్లో నాటాను. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపి, పైగా రెండేసి దోసిళ్ల కట్టెల బూడిద. గడ్డ బాగా ఊరుతుందని అత్తగారు ఊరి నుంచి సంచితో పంపారు. ఇప్పుడు ఐదింటిలో కొస ఆకులు నిమ్మపండు రంగుకి వచ్చాయి. ఈనెలు మాత్రం పెన్నుతో గీసినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి. నర్సరీ అబ్బాయి మాట విని యూరియా వేశా. తీగలు పిట్టగోడ దాటి పక్కింటివైపు దిగాయి గానీ రంగు మారలేదు. కుళాయి పక్కనున్న ఆరో బ్యాగు నిగనిగలాడుతోంది. దిష్టి తగిలిందనుకోవాలా?

టమాటా పిచ్చి:
ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) వేయండి. మాకు పనిచేసింది.

రిటైర్డ్ ఏఓ (వ్యవసాయాధికారి):
మెగ్నీషియం లోపమైతే ముందు ముదురాకుల్లో కనబడుతుందమ్మా. మీది కొసాకు, అంటే ఇనుము అందట్లేదు. మట్టిలో లేక కాదు, ఎర్రమట్టికి ఆ రంగొచ్చిందే ఇనుము వల్ల. పీహెచ్ (మట్టి పులుపును చెప్పే అంకె; పులుపు తగ్గితే ఇది పెరుగుతుంది) పెరిగితే ఇనుము కరగదు, వేరు తీసుకోలేదు. కందగడ్డకి 5.5 నుంచి 6.5 మధ్య హాయిగా ఉంటుంది. బూడిదలో పొటాష్ ఉన్నమాట నిజమే, కానీ అది సున్నంలా పీహెచ్ పెంచుతుంది. పోసేది సున్నం ఉండే బోరు నీళ్లేనా? బ్యాగు అంచున తెల్లగా పేరుకుందా?
యూరియా ఆపేయండి. నత్రజని ఎక్కువైతే తీగే మిగులుతుంది, గడ్డ ఊరదు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి. పది రోజులకి మళ్లీ. గంధకం పొడి కూడా పీహెచ్ దించుతుంది, కాకపోతే మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి వారాలు పడుతుంది. తొందరపడి దోసిళ్లతో పోసేరు సుమా. మరీ పులిసిన మట్టిలో వేళ్లు ఎదగవు.

గుంటూరు కారం:
మేం చిలగడదుంప అంటాం. కందగడ్డ అంటే కంద అనుకుని సగం చదివా!

అల్వాల్ మిద్దెతోట:
సార్, బోరు నీళ్లే. అంచున తెల్లటి పొర గోటితో గీకితే రాలుతోంది. ఆరో బ్యాగు దగ్గరికి వచ్చేసరికి బూడిద అయిపోయిందని ఇప్పుడు గుర్తొచ్చింది. పైగా దానికి మంజీరా కుళాయి నీళ్లు పడతాయి. ఫిల్టర్ నీళ్లలో మట్టి కలిపి, తేటలో పీహెచ్ కాగితం ముంచాను. ఆరో బ్యాగు మట్టి 6.5 చూపించింది, మిగతావి 8.

అల్వాల్ మిద్దెతోట:
రెండుసార్లు కొట్టాను. అంతకుముందే పాలిపోయిన ఆకులు కొన్ని అలాగే ఉన్నాయి, కొత్త చిగుళ్లు ఆకుపచ్చగానే వస్తున్నాయి. వాన నీళ్లు డ్రమ్ములో పట్టి పోస్తున్నా. నిన్న అత్తగారు ఇంకో సంచి బూడిద పంపారు. ఇత్తడి చెంబులు తోముకుంటున్నాం.