కాలువలు కట్టేసేలోగా మా క్యాంపస్‌లో ఏం మార్చొచ్చు? చేసి చూసినవాళ్ళు చెప్పండి

కాలువగట్టు సైకిల్:
అన్నలూ, అక్కలూ, నమస్తే. గోదావరి డెల్టాలో ఓ యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్నాను. ఈ ఏడాది మా ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కి క్యాంపస్‌ని పద్ధతిలో పెట్టే పని అప్పగించారు. మొక్క నాటి ఫొటో దిగడం కాదు, నిజంగా తేడా కనబడాలి. నాలుగు విషయాలు అడుగుతాను. ఒకటి, మెస్‌లో మిగిలే అన్నం, కూరలు ఏం చెయ్యాలి? రెండు, ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి నీళ్ళాపేశాక మా చెరువు అడుగంటుతుంది, బోరు చూస్తే ఉప్పు. నీళ్ళ వాడకం తగ్గించే దారేంటి? మూడు, కరెంటు. నాలుగు, ఫెస్టుల్లో పోగయ్యే ప్లాస్టిక్. ప్రస్తుతానికైతే నీళ్ళు కలిసొస్తాయని స్టీలు కంచాలు తీసేసి అరటాకులు పెడదామనుకుంటున్నాం.

పాత మెస్ సెక్రటరీ:
అరటాకులా! బాబూ, నేను మూడేళ్ళు మెస్ సెక్రటరీగా చేశాను. నాలుగు వందల మందికి రెండు పూటలా పెట్టించిన అనుభవం. కంచాలకి నీళ్ళు ఎక్కువవుతాయనేది కుళాయి తిప్పి కబుర్లు చెప్పుకునేవాళ్ళ మాట. మేం కుళాయిలు పీకించేసి మూడు తొట్లు పెట్టాం. మొదటి దాంట్లో ఎంగిలి వదిలించడం, రెండో దాంట్లో సబ్బు, మూడో దాంట్లో మంచినీళ్ళు. మూడో తొట్టి మాసిపోతే ఆ నీళ్ళు మొదటి తొట్లోకి. కంచానికి అర లీటరు కూడా పట్టేది కాదు. కంచం ముప్పై ఏళ్ళు ఉంటుంది, ఆకు అరగంట ఉంటుంది. ఇంక మాటలెందుకు.

పూతరేకు:
అర లీటరని ఎవరు కొలిచారండీ? మేం బకెట్ పెట్టి మరీ కొలిచాం, కుళాయి కింద కంచానికి లీటరున్నర దాటింది. మీ మూడో తొట్టి సాయంత్రానికి సాంబారు రంగులోకి వచ్చేదని మా మావయ్య చెప్పేవాడు, ఆయనదీ మీ బ్యాచే అయ్యుంటుంది. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే పెట్టుకుని ఆకుకి మొహం వాచడం ఏంటి? తిన్నాక ఆకుని గేదె తింటుంది. మీ కంచాన్ని తింటుందా?

ఫ్యాను మేష్టారు:
మూడో ప్రశ్నకి చెబుతాను, ఆ కంచాల గోల మీరు చూసుకోండి. హాస్టల్లో కరెంటంటే సగం ఫ్యానే. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటు తినే కొత్త రకం ఫ్యాను ఫుల్ స్పీడులో 30 వాట్ల చుట్టుపక్కల. తేడా 45 వాట్లు. మన ఉక్కకి రోజుకి 14 గంటలు తిరుగుతుంది కదా, ఒక్కో ఫ్యానుకి 0.63 యూనిట్. రెండు వందల ఫ్యాన్లుంటే రోజుకి 126 యూనిట్లు. ముందు ఈ లెక్క కాగితం మీద పెట్టి వార్డెన్ గారి దగ్గరకి వెళ్ళండి. సోలార్ ప్యానెళ్ళ మాట ఆ తర్వాత. చిల్లి కుండలో నీళ్ళు పోసినట్టు చెయ్యకూడదు.

రూమ్ 114:
మేష్టారూ, లెక్క బాగానే ఉంది గానీ మా బ్లాకులో అవే ఫ్యాన్లు పెట్టారు. మొదటి నెలలో సగం రిమోట్లు మాయం. ఉన్న రిమోట్ పక్క రూమ్ కిటికీలోంచి కూడా పనిచేస్తుంది. అర్ధరాత్రి ఎవడో మా ఫ్యాను ఆపేస్తాడు, మేం లేచి వాడిది ఆపేస్తాం. పరీక్షల ముందు దీని మీద కొట్లాట కూడా అయింది. ఆ రకంగా కరెంటు బాగానే ఆదా అయిందండి.

ఫ్యాను మేష్టారు:
గోడకున్న స్విచ్ వెంటవెంటనే వేసి ఆపితే స్పీడు మారే రకాలూ ఉన్నాయి. అవి కొనమనండి. రిమోట్‌ని గోడకి గొలుసేసి కట్టినవాళ్ళనీ చూశాను, మా రోజుల్లో బ్యాంకుల్లో పెన్నులా.

అరటితోట బాబాయ్:
నేను చదువుకున్నవాణ్ణి కాదు, కర్పూర అరటి వేస్తాను. ఆకు ఊరికే వస్తుందనుకుంటున్నట్టున్నారు. చెట్టు గెల వేశాక ఇక కొత్త ఆకు పుట్టదు. ఉన్న ఆకులతోనే కాయ ఊరాలి. తక్కువలో తక్కువ ఎనిమిది ఆకులైనా నిలబడకపోతే గెల సన్నబడిపోతుంది. మీ నాలుగు వందల మందికి రెండు పూటలా అంటే రోజుకి ఎనిమిది వందల ముక్కలు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆకు ధర ఎంత పలుకుతుందో మీ మెస్ ఆయన్ని అడగండి. ఆకు కోసమే వేసే తోటలు వేరు, గెల కోసం వేసేవి వేరు. గాలివాన వచ్చిందంటే చీలిపోయిన ఆకులు మీకు పనికిరావు, నాకూ పనికిరావు. పండగ రోజుల్లో పెట్టుకోండి, శోభగా ఉంటుంది. రోజూ అంటే మాత్రం కంచాలాయన చెప్పిందే సబబు.

పాత మెస్ సెక్రటరీ:
ఇదిగో, రైతే చెప్పాడు. ఇప్పుడేమంటావ్ పూతరేకూ?

పూతరేకు:
బాబాయ్ ధర గురించి చెప్పారు గానీ మీ తొట్టి శుభ్రంగా ఉండేదని చెప్పలేదుగా అంకుల్.

పాత మెస్ సెక్రటరీ:
ముందు ఆ అంకుల్ అనడం ఆపు. తొట్టి గురించి నాకు చెప్పేంతదానివా? మా మెస్‌లో మూడేళ్ళలో ఒక్కడికి వాంతులు కాలేదు. ఏ పనీ చెయ్యకుండా ఫోన్లో కూర్చుని వంకలు పెట్టడం చాలా తేలిక.

పూతరేకు:
నేను మా ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో వారం పాటు నూట యాభై మందికి ఆకులు కోసి, కడిగి, వేసి, ఎత్తాను. మీరు సెక్రటరీ హోదాలో కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టుంటారు.

లాకుల దగ్గర:
కొట్టుకోండి కొట్టుకోండి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి నీళ్ళిస్తే, వాటితో కంచం కడగాలా వద్దా అని మనం తగాదా పడుతున్నాం.

రూమ్ 212:
హాస్టల్ అమ్మాయిల తరఫున ఒకటి అడుగుతాను. శానిటరీ ప్యాడ్లు కాల్చే మిషన్ మా బ్లాకులో పెట్టారు, రెండు నెలలకే ఆగిపోయింది. ఇప్పుడన్నీ మామూలు డబ్బాలోకే వెళ్తున్నాయి, తీసే ఆవిడ వట్టి చేతులతో తీస్తోంది. గుడ్డ ప్యాడ్లు వాడదామంటే ఎండలో ఆరేసుకునే చోటు లేదు. ఎవరి క్యాంపస్‌లోనైనా దీనికో దారి దొరికిందా?

రొయ్యకి జై:
ఎవరో బోరు ఉప్పు అన్నారు. ఇప్పుడందరూ కలిసి మా చెరువుల మీద పడతారు, తెలుసు. సముద్రం దగ్గర ఊళ్ళలో మా తాత ముత్తాతల నాడే బోరు ఉప్పు. రొయ్యలు రాకముందు కూడా మంచినీళ్ళ చెరువులో నీళ్ళే తాగేవాళ్ళం.

లాకుల దగ్గర:
మీ చెరువుల్ని ఎవరూ ఏమీ అనలేదుగా బాబూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. అయినా అన్నారు కాబట్టి చెబుతున్నా. మా వీధి చివర చేలో వరి పోయి చెరువొచ్చింది. నాలుగేళ్ళలో పక్క చేను చవుడు తేలింది. అదీ తాతల నాటిదేనా?

రొయ్యకి జై:
ఆ పక్క చేను రైతు వరి మీద అప్పులపాలైతే నువ్వు తీర్చావా? హాస్టల్ పిల్లలు కంచం కడుక్కోవడం గురించి అడిగితే మా పొట్ట మీదకొస్తారేంటి.

కాలువగట్టు సైకిల్:
అయ్యా, దయచేసి. నా మొదటి ప్రశ్న మెస్‌లో మిగిలే అన్నం గురించి. మా దగ్గర బయోగ్యాస్ ప్లాంటు ఒకటి ఉంది, మూలపడింది. నాలుగేళ్ళ క్రితం ఎవరో ప్రారంభించి వెళ్ళారట. ఇప్పుడు మూత తీస్తే పుల్లటి కంపు.

పేడనీళ్ళు:
ఈ మాట కోసమే ఇంతసేపు చూస్తున్నా. పుల్లటి కంపంటే మీ ప్లాంటు చావలేదు, దానికి పుల్ల త్రేన్పులొస్తున్నాయి. నేను ఇప్పటికి పదకొండు ప్లాంట్లు బాగు చేశాను, అందులో రెండు కాలేజీ మెస్‌లవే. అందరూ చేసే తప్పొకటే. పెళ్ళివారి విస్తళ్ళలా దొరికిందల్లా పోసేస్తారు. చింతపండు పులుసు, నిమ్మ డొప్పలు, ఊరగాయ జిడ్డు, పెరుగు. లోపల ఆమ్లం పెరిగిపోతే గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులు పడుకుంటాయి. మెడికల్ షాపులోనో ల్యాబ్‌లోనో పీహెచ్ కాగితం, అంటే ఆమ్లం ఎంతుందో రంగు మారి చూపించేది, తెచ్చి ముంచండి. 6.5 కంటే కిందుంటే పది రోజులు మెస్‌లో మిగిలిందేదీ వెయ్యకండి. తేటగా సున్నపు నీళ్ళు కొంచెం కొంచెం పోసి, తాజా పేడ అంతే కొలత నీళ్ళతో కలిపి రోజూ వెయ్యండి. ఏడు దగ్గరకి వచ్చాక అన్నం మొదలుపెట్టండి. మొదట్లో రోజుకి ఒక్క బకెట్, అంతకు మించొద్దు. అన్నం గంజిలా నలిపి వెయ్యాలి. పొయ్యి మీద మంట నీలంగా వచ్చాకే రెండో బకెట్.

పాత మెస్ సెక్రటరీ:
పదకొండు ప్లాంట్లా? ఎక్కడెక్కడో చెప్పండి చూద్దాం.

పేడనీళ్ళు:
వచ్చి చూసేదైతే చెబుతా. ఊరికే అడిగేవాళ్ళకి పేడ ఖర్చు తెలీదు. ఇరవై అయిదు కిలోల పేడ వేస్తే ఒక ఘనపు మీటరు గ్యాస్, అంటే సిలిండర్ గ్యాస్ అరకిలో కన్నా కాస్త తక్కువ. దాంతో నాలుగు వందల మందికి అన్నం ఉడకదు, టీ కాగుతుంది. అన్నం, కూరలు వేస్తే కిలోకి పేడ కన్నా చాలా ఎక్కువ గ్యాస్ వస్తుంది, అందుకే మెస్‌కి ఇది నప్పుతుంది. ప్లాంటు పెట్టి మెస్‌కి సిలిండర్లే అక్కర్లేదని చెప్పేవాణ్ణి నమ్మకండి.

అరటితోట బాబాయ్:
గ్యాస్ పోయాక ప్లాంటులోంచి వచ్చే చిక్కటి మడ్డి, ఆ స్లర్రీ, నాకు అమ్మండి. ఆకులెందుకు, అది కావాలి.

రూమ్ 114:
కంపోస్టు గుంతలు కూడా వేశాం. మా కోనసీమలో కొబ్బరి డొక్కలకి కొదవేముంది, కొబ్బరి పొట్టు తెచ్చి కలిపాం. ఆర్నెల్లయినా పొట్టు పొట్టుగానే ఉంది. వాసనైతే పోయింది.

పేడనీళ్ళు:
పొట్టు తడిని పీల్చుకుంటుంది, అందుకే వాసన పోయింది. కుళ్ళడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. కంపోస్టు గుంత తిండిపోతు, తడికి తోడు ఎండుది కూడా సరిపడా ఉండాలి. రాలిన ఆకులున్నాయిగా? వాటిని ఊడ్చేవాళ్ళు తగలబెట్టకుండా గుంతలోకి వేయించండి. పొట్టు ఉప్పునీళ్ళలో నానబెట్టిన డొక్కదైతే ముందు కడగాలి, లేకపోతే మొక్క మాడిపోతుంది.

పూతరేకు:
నాలుగో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, స్ట్రాలు, థర్మోకోల్ అలంకరణ 2022 జూలై 1 నుంచే నిషేధం. మా ఫెస్ట్‌లో వాటి బదులు పేపర్ ప్లేట్లు తెచ్చి పర్యావరణం అని బోర్డు పెట్టారు. ఆ వెండి రంగు పేపర్ ప్లేటు మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది గేదె తినకూడదు, గుంతలో వెయ్యకూడదు. నిషేధం జాబితాలో అది లేదు కాబట్టి ఎవడూ అడగడు. నీళ్ళ సీసా కూడా లేదు.

పాత మెస్ సెక్రటరీ:
అందుకే స్టీలు అంటున్నా.

పూతరేకు:
మొదలుపెట్టారా మళ్ళీ.

నరసాపురం లేసు:
రూమ్ 212 చెల్లీ, నీ మాటకి ఒక్కరూ జవాబివ్వలేదు, కంచాల మీద మాత్రం పాతిక మెసేజీలు. మా హాస్టల్లో ఆ మిషన్‌తో మేమూ పడ్డాం. చాలా ప్యాడ్లలో ప్లాస్టిక్ ఉంటుంది, సరైన వేడి లేకపోతే పొగ రూమ్‌లోకే కొడుతుంది. మేం మిషన్ బాగు చెయ్యమని అడగడం మానేసి రెండు పనులు చేయించాం. ఒకటి, ప్యాడ్లకి విడిగా మూతున్న డబ్బా, న్యూస్‌పేపర్ కట్ట, తీసే ఆవిడకి చేతి తొడుగులు. రెండు, మేడ మీద దక్షిణం వైపు తాళమున్న చిన్న అరుగు, తాళం చెవి అమ్మాయిల దగ్గరే. గుడ్డ ప్యాడ్లు, మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్ళ సంఖ్య ఆ తర్వాతే పెరిగింది. అడగడానికి ముగ్గురం కలిసి వెళ్ళాం, ఒక్కరే వెళ్తే నవ్వుతారు.

రూమ్ 212:
అక్కా, చాలా థాంక్స్. మేడ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, అదే ముందు అడుగుతాం.

ఫ్యాను మేష్టారు:
నీళ్ళ ప్రశ్న మిగిలిపోయిందని ఇప్పుడే గమనించాను. ఫ్లష్ ట్యాంకుల్లో కాస్త ఇంకు వేసి అరగంట ఎవరినీ ఫ్లష్ నొక్కనివ్వకండి. గిన్నెలోకి రంగు దిగితే అది కారుతున్నట్టు. ఆర్ఓ ప్లాంటు వదిలేసే నీళ్ళు డ్రెయిన్‌లోకి పోనివ్వకుండా బాత్రూమ్ ట్యాంకుకి మళ్ళించండి. మొక్కలకి మాత్రం పొయ్యకండి, ఉప్పు పేరుకుంటుంది.

కాలువగట్టు సైకిల్:
ఇంకు పరీక్ష ఈ రోజే చేశాం మేష్టారూ. మా బ్లాకులో పద్దెనిమిదిలో ఏడు కారుతున్నాయి. ఆకుల ప్లాన్ రద్దు, పండగలకే. మూడు తొట్లు పెడుతున్నాం గానీ మూడోది మధ్యాహ్నానికే మారుస్తాం, పూతరేకు గారి కోసం. పేడనీళ్ళు గారూ, పీహెచ్ 5.8 వచ్చింది. ఎంత పేడ కావాలో చెప్పండి. ట్రాక్టర్ ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?

అరటితోట బాబాయ్:
ట్రాక్టరూ నాదే, పేడా నాదే. డీజిల్ మీది, స్లర్రీ నాది. ఆదివారం పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్ళని పంపండి, మీ సెక్రటరీ గారిని కూడా రమ్మనండి, తట్ట ఎత్తడానికి.